11 ఏళ్ల నాటి ఆపరేషన్, ఇవాళ్టి తిమ్మిర్లు

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఆపరేషన్‌కు ముందు ఒక ఫొటో, ఏడాది తిరిగాక మరో ఫొటో వేసి, పక్కనే తగ్గిన కిలోల లెక్క ఇచ్చారు. అందులో అబద్ధమేమీ లేదు. అలాంటి ఫొటోలు రెండు నా దగ్గరా ఉన్నాయి. అయితే ఆ వ్యాసం ఏడాది దగ్గరే ఆగిపోయింది. ఆపరేషన్ అయిన ఏడో ఏటనో పదో ఏటనో కాళ్లు మొద్దుబారి, కళ్లు తిరిగి, కారణం తెలియక ఒక డాక్టరు దగ్గర నుంచి మరో డాక్టరు దగ్గరికి తిరిగేవాళ్ల సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలని, అలా తిరిగినవాళ్లలో ఒకదానిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగును దారి మళ్లించే ఆపరేషన్, జరిగి 11 ఏళ్లయింది. అప్పుడు నా బరువు 118 కిలోలు. ఏడాదిన్నరలో 76కు వచ్చాను. మధుమేహం మాత్రలు మానేశాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం పోయింది. ఆరేళ్ల పాటు ఎంత సుఖంగా ఉన్నానంటే ఆపరేషన్ అనేది ఒకటి జరిగిందన్న సంగతే దాదాపు మరిచిపోయాను. నన్ను చూసే డాక్టర్లు కూడా మరిచిపోయారు. చిక్కంతా ఆ మరుపులోనే ఉందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఏడో ఏట ఒక సాయంత్రం నడిచి వస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచి, ‘అమ్మా, మీ చెప్పు ఇక్కడ పడిపోయింది’ అన్నారు. తిరిగి చూస్తే నా కుడికాలి చెప్పు పదడుగుల వెనక పడి ఉంది. అంత దూరం ఒట్టి కాలితో నడిచినా నాకు తెలియలేదు. మరికొన్ని వారాలకు, ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒళ్లు ఒక పక్కకు తూలడం మొదలైంది. ఒక చేత్తో గోడ పట్టుకుంటే తప్ప ముఖం కడుక్కోలేకపోయేదాన్ని. వెలుతురులో ఫరవాలేదు, పాదం ఎక్కడ పడుతోందో కంటితో చూసుకుని అడుగు వేసేదాన్ని. చీకటి పడితే మాత్రం ఎవరో ఒకరి చెయ్యి కావలసిందే. పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు తెలియజేసే నరాల దారి వెన్నుపాములో వెనక వైపున ఉంటుందని, అది దెబ్బతిన్నప్పుడు మనిషి కళ్లనే చేతికర్రగా వాడుకుంటాడని, కళ్లు మూస్తే ఆ కర్ర లాగేసినట్టవుతుందని చాలా కాలం తరవాత తెలిసింది. అప్పట్లో ఈ సబ్బు సంగతి డాక్టర్లకు చెప్పాలని కూడా నాకు తోచలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఎముకల డాక్టరు నడుము స్కాన్ చూసి డిస్క్ కొద్దిగా జరిగిందన్నారు. నా వయసు వాళ్లకు స్కాన్ తీస్తే అలాంటిదేదో ఒకటి కనిపించకపోవడమే అరుదని తరవాత ఇంకో డాక్టరు చెప్పారు. నరాల డాక్టరు ఇది పాత మధుమేహం చేసిన పని అన్నారు. అయినా విటమిన్ బి12 పరీక్ష రాశారు. అది నార్మల్ వచ్చింది. నెలనెలా బి12 ఇంజెక్షన్ వేయించుకుంటున్న మనిషికి నార్మల్ రాక ఏమవుతుంది? బి12 బాగుంది కనుక ఆపరేషన్‌కూ ఈ తిమ్మిర్లకూ సంబంధం లేదని తేల్చేశారు, ఆ ఆపరేషన్ తరవాత ఒంట్లో తగ్గిపోగలిగేది బి12 ఒక్కటే అయినట్టు. నాలుగో డాక్టరు ఫైలు మూసి, ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా అని అడిగారు. ఎవరింట్లో లేవు కనుక! నిద్రకు, మనసు నెమ్మదికి మాత్రలు రాసిచ్చారు. వాటితో నిద్ర బాగానే పట్టింది, తూలడం మాత్రం అలాగే ఉంది.

రెండున్నరేళ్లు ఇలా గడిచాక దారి చూపింది ఇంకా పీజీ చదువుకుంటున్న ఒక అమ్మాయి. పొట్ట నొక్కి చూస్తూ, అక్కడున్న అయిదు చిన్న మచ్చలు ఏమిటని అడిగింది. చెప్పాను. ఏ రకం ఆపరేషన్, ఎన్నేళ్లయింది, రోజూ ఏమేం మింగుతున్నారు అని వరసగా అడిగి, చేతిసంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమంది. వాటిలో, జుట్టు రాలుతోందని నాలుగేళ్లుగా నా అంతట నేనే కొనుక్కుని వేసుకుంటున్న జింకు మాత్రలు ఉన్నాయి. ఆ సీసా ఒక్కటి పక్కన పెట్టి, పాత రక్తపరీక్షల కాగితాలు తిరగేసింది. మూడు రిపోర్టుల్లో తెల్లకణాల అంకె పక్కన తక్కువ అన్న గుర్తు ఉంది. ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని చూసి, జ్వరమేదో వచ్చి తగ్గి ఉంటుందని వదిలేశారు. ఆ అమ్మాయి రక్తంలో రాగి ఎంతుందో చూసే పరీక్ష రాసింది. వారానికి ఫలితం వచ్చింది: ఉండవలసిన కనీస మోతాదులో మూడో వంతు కూడా లేదు.

ఒంటికి రోజుకు కావలసిన రాగి ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ మాత్రమే. కానీ ఆ కొంచెం లేకపోతే రక్తకణాల తయారీ కుంటుపడుతుంది, వెన్నుపాము దెబ్బతింటుంది. ఆ దెబ్బ అచ్చం బి12 లోపం చేసే దెబ్బలాగే కనిపిస్తుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరుచేసి, దానికి చిన్నపేగును కొంత కింద నుంచి తెచ్చి కలుపుతారు. తిన్నది జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంనూ తాకకుండా కిందికి పోతుంది. రాగి, ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ వదిలేసిన దారిలోనే. దానికి తోడు నేను మింగిన జింకు ఉంది. జింకు ఎక్కువైనప్పుడు పేగు గోడలోని కణాలు ఒక ప్రొటీనును అధికంగా తయారుచేస్తాయి. ఆ ప్రొటీను జింకు కన్నా రాగిని గట్టిగా పట్టుకుంటుంది. కొద్ది రోజులకు ఆ కణాలు మామూలుగా రాలిపోయేటప్పుడు పట్టుకున్న రాగిని కూడా వెంట తీసుకుపోతాయి. ఇలా నాలుగేళ్లు జుట్టు కోసం మందు మింగి కాళ్లు పోగొట్టుకున్నాను. జింకు ఆపి రాగి మొదలుపెట్టాక తెల్లకణాలు రెండు నెలల్లో కోలుకున్నాయి. కాళ్లు ఇంకా పాడవకుండా ఆగాయి, పోయినదానిలో కొంతే తిరిగి వచ్చింది. వెనక పట్టీ లేని చెప్పులు ఇప్పటికీ వేసుకోలేను.

నా సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఎవరూ నాకు తప్పుడు రిపోర్టు ఇవ్వలేదు. ప్రతి పరీక్షా తాను చూసినంత మేరకు నిజమే చెప్పింది. వెతకవలసిన చోట వెతకకుండానే ‘అన్నీ నార్మలే’ అనడం, ఆ మాట విని రోగి ఇక అడగడానికి మొహమాటపడడం, ఈ రెండూ కలిసే అంతుచిక్కని జబ్బులను తయారుచేస్తున్నాయని నా అభిప్రాయం.

ఆసుపత్రి వరండాలో పరిచయమైన ఒక ఉపాధ్యాయురాలి సంగతి ఇంకో తీరు. ఆమెకు కూడా బైపాసే జరిగింది. మూడో ఏట నుంచి, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు చెమటలు పోసి, చేతులు వణికి, మాట తడబడేది. ఒకసారి తాను బోర్డు మీద రాసిన వాక్యం తనకే అర్థం కాక పిల్లల ముందు నిలబడిపోయిందట. మూర్ఛ కావచ్చునని మెదడు పరీక్షలు చేశారు, దానికి మందులూ వాడించారు. పొద్దున్నే పరగడుపున చక్కెర చూస్తే ఎప్పుడూ నార్మల్. ఎవరైనా ఆ రెండు గంటలప్పుడు చూసి ఉంటే తెలిసేది. చివరికి ఇంట్లో వాళ్ల అత్తగారి మధుమేహం మీటరుతో తనే వేలు గుచ్చి చూసుకుంటే 48 వచ్చింది, ఉండవలసినదాని కన్నా బాగా తక్కువ. బైపాస్ తరవాత తిన్న పిండి పదార్థం, తీపి పదార్థం పేగులోకి ఒక్కసారిగా దిగుతాయి. రక్తంలో చక్కెర చప్పున పెరుగుతుంది. పేగు నుంచి వెలువడే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు క్లోమాన్ని తొందరపెడతాయి. అది అవసరానికి మించి ఇన్సులిన్ వదిలితే తిన్న ఒకటి నుంచి మూడు గంటల లోపు చక్కెర పడిపోతుంది. సాధారణంగా ఇది ఆపరేషన్ అయిన ఏడాది తరవాతే మొదలవుతుంది కాబట్టి, ఆపరేషన్ మీదికి ఎవరి అనుమానమూ పోదు. ఇలాంటి రోగుల గురించి వైద్య పత్రికల్లో వివరంగా రావడం 2005 నుంచీ ఉంది. ఆమె చేసిన మరో పొరపాటు చాలామంది చేసేదే: కళ్లు తిరగగానే ఏదైనా తియ్యటి పానీయం తాగి తేరుకునేది, అదే తీపి మళ్లీ రెండు గంటలకు ఆమెను పడేసేది. తిండి కొంచెం కొంచెంగా తినడం, తీపి పానీయాలు మానడం, పిండి పదార్థం తగ్గించి ప్రొటీను కలుపుకోవడం, పిండిని నెమ్మదిగా జీర్ణం చేయించే ఎకార్బోస్ అనే మాత్ర, వీటితో ఇప్పుడు చాలావరకు కుదుటపడింది. మూర్ఛ మందులు ఆపేశారు.

వచ్చి పోయే కడుపునొప్పి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. పేగును దారి మళ్లించినప్పుడు దాన్ని పట్టి ఉంచే పొరల మధ్య సందులు ఏర్పడతాయి. సర్జన్లు వాటిని కుట్టి మూసినా, మనిషి చిక్కే కొద్దీ ఆ పొరల్లోని కొవ్వు కరిగి సందులు మళ్లీ తెరుచుకోవచ్చు. ఏళ్ల తరవాత కూడా పేగు అందులోకి జారి ఇరుక్కుంటుంది, తనంతట తానే వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చాక స్కాన్ తీస్తే ఏమీ కనిపించదు. ఇరుక్కుని ఉన్నప్పుడు తీసినా ఒక్కోసారి కనిపించదు. అందుకే అనుభవం ఉన్న సర్జన్లు స్కాన్ కాగితం కన్నా రోగి మాటను నమ్మి, లాపరోస్కోప్ (చిన్న రంధ్రం గుండా పొట్టలోకి పంపే కెమెరా గొట్టం) పెట్టి లోపల చూస్తారు. బైపాస్ జరిగినవాళ్లు ఎవరైనా తిన్న తరవాత పొట్ట మెలిపెట్టే నొప్పితో అత్యవసర విభాగానికి వెళ్లవలసి వస్తే, మొదటి వాక్యంలోనే ఆపరేషన్ సంగతి చెప్పాలి. గ్యాస్ ఇంజెక్షన్ వేసి పంపించేస్తే ఊరుకోకూడదు.

ఎముకలది నిశ్శబ్దంగా జరిగే నష్టం. రక్తంలో కాల్షియం నార్మల్ అని రిపోర్టు వస్తుంది. తిండి నుంచి చాలినంత రాక, మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లో నుంచి కాల్షియం తీసి ఆ అంకెను నిలబెడుతూ ఉంటుంది. ఆ హార్మోనూ విటమిన్ డీ చూడకుండా కాల్షియం ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం.

నేను ఈ ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాను. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం, ఆపరేషన్ చేయించుకున్న స్థూలకాయులు చేయించుకోనివారి కన్నా ఎక్కువ కాలం బతికారని చూపింది. నా మటుకు నాకు అది ఆరు మంచి సంవత్సరాలు ఇచ్చింది, ఇప్పటికీ మధుమేహం తిరిగి రాలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ చేయించుకుంటాను. కాకపోతే ఇది కొత్త వైద్యం కాదు, ఇంకా నేర్చుకుంటున్నామని తప్పించుకోవడానికి. ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1966లో ఈ బైపాస్ మొదలుపెట్టారు. అంతకు ముందు వాడుకలో ఉన్న, పేగులో ఎక్కువ భాగాన్ని పూర్తిగా వదిలేసే ఆపరేషన్‌ను, ఏళ్లు గడిచాక కాలేయం చెడిపోవడం, మూత్రపిండాల్లో రాళ్లు పడడం చూసి మానుకున్నారు. అంటే ఈ చికిత్సల అసలు లెక్క ఏళ్లు గడిచాకే తేలుతుందని వైద్యరంగానికి ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే (బేరియాట్రిక్) సర్జన్ల సంఘం 2016 నాటి మార్గదర్శకాలు బైపాస్ అయినవాళ్లకు రోజూ 2 మిల్లీగ్రాముల రాగి, 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, రెండేళ్లు శస్త్రచికిత్స విభాగమే చూసుకోవాలని, ఆ తరవాత బతికినంత కాలం ఏడాదికోసారైనా పరీక్షలు చేయాలని చెప్పింది. రాసిపెట్టిన మాట ఉంది. ఆ రెండేళ్లు దాటాక రోగి ఎవరి బాధ్యత అన్నదే ఆచరణలో స్పష్టంగా లేదు.

తప్పు మాలోనూ ఉంది. రెండు మూడేళ్లు బాగున్నాక మాత్రలు అశ్రద్ధ చేస్తాం. కాల్షియం, ఇనుము రెండూ ఒకేసారి మింగుతాం, ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయని తెలిసినా. నొప్పులకు ఏ మాత్ర పడితే ఆ మాత్ర వేసుకుని, జీర్ణాశయాన్ని పేగుకు కలిపిన కుట్టు దగ్గర పుండు తెచ్చుకుంటాం. అన్నిటికీ మించి ఆపరేషన్ చేయించుకున్నామని చెప్పుకోవడం నామోషీ. నోరు కట్టుకోలేక కోయించుకుంది అంటారని భయం. మా దగ్గరి బంధువుల్లో ఒకరు తొమ్మిదేళ్లుగా రక్తహీనతకు మందు వాడుతూ, తనకు స్లీవ్ ఆపరేషన్ అయిందని, అంటే జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేశారని, ఆ డాక్టరుకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ డాక్టరు పాపం ఎక్కడ వెతుకుతారు?

దానికి మరో వైపు కూడా ఉంది. ప్రతి బాధనూ ఆపరేషన్ మీదికి తోసేయడం కూడా ప్రమాదమే. థైరాయిడ్, గుండె, క్యాన్సర్ మాకూ వస్తాయి. నేను కోరేది చిన్న విషయం. ఏ రకం ఆపరేషన్, ఏ తేదీన, పేగు ఎంత పొడవున మళ్లించారు, సందులు కుట్టారా లేదా, ఈ నాలుగూ ఒక్క కాగితం మీద రాసి రోగి చేతికి ఇవ్వాలి. ఆపరేషన్ జరిగిన చోటికి వెళ్లి అడిగితే నా పాత కాగితాలు లేవన్నారు. ఏటా చేయవలసిన పరీక్షల్లో రక్తకణాలు, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, ఫోలేట్, విటమిన్ ఏ, విటమిన్ డీ, పారాథైరాయిడ్ హార్మోను, జింకు, రాగి ఏవేవి ఎవరికి అవసరమో అదే కాగితం వెనక ఉండాలి. పరీక్షలన్నీ నార్మల్ వచ్చి బాధ మాత్రం తగ్గనప్పుడు, ఏమేం చూశారో, ఏమేం ఇంకా చూడలేదో డాక్టరు చెప్పాలి. మీ ఆరోగ్య పుటలో ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, ఆపరేషన్ అయి పదేళ్లు దాటినవాళ్లను కూడా ఇద్దరు ముగ్గురిని పలకరించవలసిందిగా కోరుతున్నాను.

నాకు ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద, రెండేళ్లుగా ఒక నొప్పి వస్తోంది. దానికి జవాబు ఇంకా దొరకలేదు. ఎండోస్కోపీ నార్మల్ అన్నారు. బైపాస్‌లో పక్కన పెట్టిన పెద్ద జీర్ణాశయం ఇంకా లోపలే ఉంటుందని, నోటి గుండా వేసే మామూలు గొట్టం అక్కడి దాకా చేరదని ఇప్పుడు నాకు తెలుసు కనుక, అది చూశారా అని అడిగాను. డాక్టరు ఒక్క క్షణం ఆగి, చూడలేదు, కారణం నాకూ తెలియదు, కానీ మీ ఫైలు మూయను అన్నారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ తేదీ, వేళ, అంతకు ముందు ఏం తిన్నానో, ఎంతసేపు ఉందో రాసి తెమ్మన్నారు. పుస్తకంలో ఇప్పటికి 19 సార్లు రాశాను; వచ్చే నెల దాన్ని పట్టుకుని వెళుతున్నాను.

భవదీయురాలు,
మీ పాఠకురాలు